రెండో వరస

గురువారం పొద్దున బడి గేటు దగ్గర నిలబడి పిల్లల్ని లోపలికి పంపుతున్న పెద్దాయా చూపు మూడో తరగతి పిల్ల ఒకతె నుదుటి మీద ఆగిపోయింది. నిన్న బూడిద బుధవారం, ఈస్టరు ముందు ఉపవాస దినాలు మొదలయ్యే రోజు. ప్రార్థన గదిలో బడి పిల్లలందరికీ నుదుటి మీద బూడిదతో సిలువ గీశారు. రాత్రి ముఖం కడుక్కుంటే పోవాల్సిన గీత అది. సరిగ్గా కడుక్కోని వాళ్ళకి మసక మసగ్గా మిగలాలి. ఈ పిల్లకి మాత్రం ఎర్రగా ఉంది. ఎవరో ఎర్ర సిరాతో తీరిగ్గా గీసినట్టు, అంచులు కాస్త పొంగి మరీ ఉంది.

“ఇలా రా బంగారం. ఏంటే ఇది, గోక్కున్నావా?”

“లేదు పెద్దాయా. దానంతటదే వచ్చింది. మంట కూడా.”

ఆ పిల్ల గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూస్తుండగానే వెనకనించి ఇంకొకడొచ్చాడు. వాడికీ అంతే. వాడి వెనక ఇద్దరు. మొదటి గంట కొట్టే వేళకి పెద్దాయా మనసులో పెట్టుకున్న లెక్క నలభై దాటింది. అందులోనూ ఒక చిత్రం ఉంది. ఒకే రిక్షాలోంచి దిగిన అన్నదమ్ములిద్దరిలో అన్న నుదురు నున్నగా అద్దంలా ఉంది, తమ్ముడిది ఎర్రగా కమిలింది. ఒకే ఇల్లు, ఒకే సబ్బు, ఒకే బూడిద. ఆ బూడిద చేసింది తనే కాబట్టి, అది ఒకటేనని ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

గంట తాడు లాగుతూ కూడా ఆ అన్నదమ్ముల గురించే ఆలోచించింది. ఆ ధ్యాసలో రెండు దెబ్బలు ఎక్కువే కొట్టింది.

రెండో పీరియడ్ కాకముందే పిలుపొచ్చింది. హెడ్ సిస్టర్ గదిలో టేబుల్ మీద ఫోన్ మోగుతూనే ఉంది. ఈ యేడే ఈ బడికి వచ్చిన మనిషి ఆవిడ. చేతిలో పని ఆగితే ఆవిడకి ఊపిరి ఆగినట్టు ఉంటుంది. ఫోన్‌లో ఎవరో తండ్రి అరుస్తున్నాడు. “అవునండీ, చూస్తామండీ, తప్పకుండా చూస్తామండీ” అంటూనే ఆవిడ ఇంకో చేత్తో ఏదో రాసుకుంటోంది. పక్కన డ్రాయింగ్ మేడం నిలబడి ఉంది. మూడు నెలలకోసారి బడి తరఫున వచ్చే నాలుగు పేజీల ‘మన బడి కబుర్లు’ పత్రిక పని ఆవిడదే. ఎవరు ఆటల్లో గెలిచారు, ఎవరు కొత్తగా చేరారు, ఉపవాస దినాల్లో పిల్లలు ఏమేం మానుకున్నారు, అన్నీ ఆవిడ చేతిమీదుగా అందులోకి ఎక్కాల్సిందే.

ఫోన్ పెట్టేసి హెడ్ సిస్టర్ తలెత్తింది.

“ఆయా, నిజం చెప్పు. బూడిదలో ఏం కాల్చావు?”

“ఈత మట్టలే సిస్టర్. పోయినేడు మట్టల ఆదివారం నాడు పిల్లలు పట్టుకున్నవి. ఇళ్ళలో సిలువ వెనక పెట్టుకున్నవన్నీ బుట్టలో వేయించి...”

“ఉత్త మట్టలేనా? వాటికి కట్టిన రిబ్బన్లు, ప్లాస్టిక్ పువ్వులు, జిగురు?”

“ఒక్కో మట్టా చేత్తో చూశాను సిస్టర్. రిబ్బన్లు విప్పాను. గుండుసూదులు తీశాను. మీకు కావాలంటే ఆ రిబ్బన్ల మూట చూపిస్తాను, చీపుర్ల గదిలో దాచి పెట్టాను.”

“మరి పిల్లల నుదుళ్ళు ఎందుకు కాలాయి?”

“అదే నాకూ అర్థం కావట్లేదు సిస్టర్. అన్నకి కాలక తమ్ముడికి కాలడమేంటి?”

ఆవిడ అడిగినదానికి ఇది జవాబు కాదు. హెడ్ సిస్టర్ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. కోపమొస్తే గొంతు పెంచే రకం కాదు, తగ్గించే రకం.

“మేడం, ఆఖరి పేజీలో చోటుందిగా. రాసుకోండి. ‘బూడిద తయారీలో మా సిబ్బందిలో ఒకరి అజాగ్రత్త వల్ల కొందరు పిల్లలకు ఇబ్బంది కలిగింది. చింతిస్తున్నాము. వచ్చే ఏడాది నుంచి బూడిద బయటినుంచి తెప్పిస్తాము.’ శనివారం పన్నెండింటికి ప్రెస్సుకి వెళ్ళిపోవాలి.”

డ్రాయింగ్ మేడం పెన్ను కాగితం మీద ఆనించి పెద్దాయా వంక చూసి, మళ్ళీ కాగితం వంక చూసి, రాసింది. సిబ్బందిలో ఒకరంటే ఎవరో తెలియని ఇల్లు ఈ చుట్టుపక్కల ఒక్కటి లేదు. ఏటా ప్రార్థన గది వెనక ఆ పొగ లేచినప్పుడల్లా “పెద్దాయా వంట మొదలెట్టింది” అని పిల్లలు కిటికీల్లోంచి కేకలేసేవాళ్ళు.

పెద్దాయా బయటికొచ్చి వరండాలో చీపురు తీసుకుంది. ఊడుస్తూ ఊడుస్తూ ఒక్కో క్లాసు గుమ్మం దగ్గరా ఆగి లోపలికి తొంగి చూసింది. ఎనిమిదో తరగతి వాళ్ళకి లేత గులాబీ రంగు. ఒకటో తరగతి వాళ్ళకి చిక్కటి ఎరుపు. ప్రతి క్లాసులోనూ సగం మందికే. సగమంటే సగం, కత్తితో కోసినట్టు.

“ఏంటాయా, పరీక్షలకి వచ్చిన ఇన్‌స్పెక్టర్లా చూస్తున్నావు?” అంది లెక్కల మేడం.

“లెక్కే చూస్తున్నానమ్మా, కుదరట్లేదు” అంది పెద్దాయా.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి కబురు ఆమెకంటే ముందే చేరింది. కోడలు కుట్టుమిషన్ మీద జాకెట్టు చేతులు అతుకుతోంది. తొక్కడం ఆపకుండానే అడిగింది.

“అత్తయ్యా, మనలో మన మాట. రిబ్బను ముక్క ఏదైనా పొరపాటున పడిందా? కళ్ళు సరిగ్గా ఆనట్లేదని మొన్నేగా అన్నారు.”

హెడ్ సిస్టర్ మాటకంటే ఇదే ఎక్కువ గుచ్చుకుంది. పెద్దాయా కొంగు ముడి విప్పి, అందులోంచి కాగితం పొట్లం తీసింది. తను బూడిద పోసి ఉంచిన సీసాలో అడుగున మిగిలింది అది. నేల మీద కూర్చుని వేలితో అద్ది చూపించింది. మెత్తగా పౌడరులా ఉంది.

“మూకుట్లో కాల్చి, మూత పెట్టి ఒక పగలంతా కదపకుండా ఉంచాను. రోట్లో నూరాను. పల్చటి గుడ్డలో మూడుసార్లు జల్లించాను. రిబ్బను పడి ఉంటే ఉండ కడుతుందే. ముద్దలా సాగుతుంది. ఏదీ, ఇందులో చూపించు.”

కోడలు మిషన్ ఆపింది. వంగి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. “ఏమో మరి, బాగానే ఉంది” అని ఒప్పుకుంది. అత్తగారి మాట ఒప్పుకోవడం ఆ ఇంట్లో రోజూ జరిగేది కాదు.

అదే బడిలో రెండో తరగతి చదివే మనవరాలు పుస్తకం పక్కన పడేసి వచ్చి మీద పడింది. దాని నుదురు నున్నగా ఉంది.

“నీకెందుకు రాలేదే?” అంది పెద్దాయా, దాని జుట్టు పైకి తోసి.

“నేను ఫాదర్ వరసలో ఉన్నా కదా నానమ్మా.”

“వరసేంటి?”

“ఈసారి రెండు వరసలు. ఒకటి ఫాదర్ దగ్గరికి, ఒకటి హెడ్ సిస్టర్ దగ్గరికి. తొందరగా అయిపోవాలని. సిస్టర్ వరస రైల్లాగా పోయింది. మేమింకా సగంలో ఉన్నాం, వాళ్ళు వెళ్ళి కూర్చున్నారు.”

పెద్దాయా పొట్లం మడవడం మర్చిపోయింది. నిన్న ఆ వేళకి ఆమె ఏడుస్తున్న శిశుతరగతి పిల్లలందరినీ కుళాయిల దగ్గర పోగేసి ఆడిస్తోంది. ఎప్పుడూ ఫాదర్ ఒక్కరే, ఒకటే వరస, రెండు పీరియడ్లు. ఈసారీ అంతే అనుకుంది.

“నీ పక్కనుండే ఆ బొద్దు పిల్ల? దానికెర్రగా ఉంది కదూ?”

“దాన్ని మాట్లాడుతోందని టీచరు తీసి రెండో వరసలో నిలబెట్టింది.”

“చూశావా!” అని తొడ చరుచుకుంది పెద్దాయా. ఏం చూడాలో కోడలికి అర్థం కాలేదు గానీ, అన్నం ముందు కూర్చోబెట్టినా ముసలావిడ రెండు ముద్దలు తిని ఆగి, “ఒకటే బూడిద... రెండు వరసలు...” అనుకుంటుంటే నవ్వొచ్చింది.

“దొంగని పట్టుకున్న పోలీసులా ఉన్నారు. ముందు తినండి.”

“దొంగ కాదే. దొంగైతే ఏదో ఒకటి పట్టుకుపోవాలి. ఇక్కడేమీ పోలేదు, ఏదో వచ్చి చేరింది. అదేంటో తెలియాలి.”

శుక్రవారం ఆట పీరియడ్‌లో పెద్దాయా వేపచెట్టు కింద నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చుంది. నీళ్ళు తాగడానికి వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగింది. “నువ్వే వరస?” ఎర్ర నుదుళ్ళన్నీ సిస్టర్ వరస. అన్నదమ్ములిద్దరినీ పక్కపక్కన నిలబెట్టి అడిగితే, తమ్ముడు తొందరగా అయిపోతుందని అటు దూకానని ఒప్పుకున్నాడు.

“నీకు బుద్ధొచ్చిందా?” అన్నాడు అన్న.

“ఐదు నిమిషాలు ముందు ఆడుకున్నాగా” అన్నాడు తమ్ముడు.

ఇక మిగిలింది బూడిద పెట్టుకున్న గిన్నెలు. గొడవలో పడి బుధవారం నాటి గిన్నెలు ఎవరూ కడగలేదు. ప్రార్థన గది పక్కన, ఫాదర్ దుస్తులు దాచే అర దగ్గరికి వెళ్ళి రెండూ బయటికి తీసింది. రెండూ గాజువే, ఒకే జత. ఫాదర్ గిన్నె నోటితో ఊదితే అడుగున ఉన్న పొడి ఎగిరి ఆమె ముక్కులోకి వెళ్ళింది. తుమ్మింది. రెండో గిన్నె ఊదితే ఏమీ కదల్లేదు. అడుగుకి నల్లటి పెచ్చు కట్టుకుని ఉంది. గోటితో గీకితే రేకులా లేచింది.

పొడి పెచ్చు ఎందుకవుతుంది? తడిస్తేనే అవుతుంది.

ఆ గిన్నె కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో తిప్పి చూసింది. పొయ్యి బూడిదతో అంట్లు తోమిన ఆడదానికి ఒకరు చెప్పాల్సిన పనేముంది? పొడి బూడిద మెత్తన. తడిపి గంటసేపు తోమితే వేళ్ళ సందులు ఎర్రబడి చురుక్కుమంటాయి. పెళ్ళైన కొత్తలో ఆమె చేతులు అలాగే చిట్లేవి. చిన్నపిల్లల నుదుటి చర్మం ఉల్లిపొరంత ఉంటుంది.

అయినా చేసి చూడందే అనకూడదు. పొట్లంలోంచి చిటికెడు తీసి, రెండు నీటి చుక్కలతో కలిపి ముంజేతి మీద సిలువ గీసుకుంది. మధ్యాహ్నం గంట దాకా ఉంచుకుంది. అన్నాల గంట కొట్టి, కుళాయి కింద చెయ్యి పెట్టి కడిగి చూసింది. ఏమీ లేదు. గీత పోయిన చోట చెయ్యి మామూలుగా, నల్లగా, మొండిగా ఉంది.

పెద్దాయా కుళాయి గట్టు మీద కూలబడింది. రెండ్రోజులుగా పేర్చుకుంటూ వచ్చినదంతా ఒక్క దెబ్బకి కూలిపోయినట్టైంది. రేపు పన్నెండింటికి కాగితం ప్రెస్సుకి పోతుంది. మనవరాలు దాన్ని గట్టిగా చదువుతుంది. దానికి చదవడం వచ్చిన కొత్త కదా, ఏ అక్షరం కనబడినా గట్టిగానే చదువుతుంది.

బ్రష్షులు కడుక్కోవడానికి వచ్చిన డ్రాయింగ్ మేడం ఆమె మొహం చూసి ఆగింది. పెద్దాయా దాచలేదు. వరసలు, గిన్నెలు, ముంజేతి మీది సిలువ, మొత్తం చెప్పేసింది. మేడం బ్రష్షులు గట్టు మీద పెట్టి, పెద్దాయా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది.

“ఏంటండీ పెద్దాయా, దీని మీదా మీ పరీక్ష? ఇది చెయ్యా, రోకలి బండా? దీని మీద నిప్పు పెట్టినా ఏమీ కాదు.”

పెద్దాయాకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పడీపడీ నవ్వింది. “అవును సుమా! వేడి గిన్నె గుడ్డ లేకుండా దించేస్తాను నేను. నా తోలు మీద చూస్తున్నానేంటి!” అని, నవ్వు ఆపుకుని మేడం చెయ్యి వంక చూసింది. తెల్లగా, సన్నగా ఉంది.

మేడం చెయ్యి వెనక్కి లాక్కుంది. “నాకు ఎలర్జీ అండీ. సబ్బు మారితేనే దద్దుర్లు.”

“ఎలర్జీ ఉన్నవాళ్ళ చెయ్యి పనికిరాదులెండి. అప్పుడు అదీ నా మీదే పడుతుంది.”

“రేపు పదింటికి సిస్టర్ గదిలో ఉంటారు. వెళ్ళి చెప్పండి. నేను మాత్రం పన్నెండు కొట్టేదాకా ఆ పేజీ కదపను” అంది మేడం. అని, ఆ కాస్త ధైర్యానికే ఇటూ అటూ చూసుకుంది.

శనివారం సగం పూట బడి. పదింటికి పెద్దాయా రెండు గాజు గిన్నెలూ, పొట్లమూ కొంగు కింద పెట్టుకుని హెడ్ సిస్టర్ గది గుమ్మం దగ్గర నిలబడింది. రాత్రంతా మాటలు కూర్చుకుంది గానీ, లోపలికి రమ్మనేసరికి అన్నీ ఎటో పోయాయి.

“సిస్టర్, కోప్పడకండి. బుధవారం మీరు మీ గిన్నెలో ఏమైనా కలిపారా?”

“నేనా? ఏం కలుపుతాను? పొడి రాలి చిన్నపిల్లల కళ్ళల్లో పడుతోందని కాసిని నీళ్ళు పోశాను. అవీ గుమ్మం దగ్గరి దీవించిన నీళ్ళే.” ఆవిడ పెన్ను ఆగింది. “ఎందుకు?”

పెద్దాయా రెండు గిన్నెలూ టేబుల్ మీద పెట్టింది. ఒకటి ఊదింది. ఇంకొకటి బోర్లించి చూపించింది.

“దీవించిన నీళ్ళు పిల్లల్ని కాలుస్తాయంటావా ఆయా?” హెడ్ సిస్టర్ గొంతు బాగా తగ్గింది.

“నీళ్ళ తప్పు లేదు సిస్టర్. బూడిద తప్పూ లేదు. రెండూ కలిస్తేనే వాటికి కోరలొస్తాయి. అంట్లు తోమేవాళ్ళకి తెలుస్తుంది. ఎర్రబడ్డవాళ్ళంతా మీ వరసే. ఒక్కొక్కళ్ళనీ అడిగాను.”

హెడ్ సిస్టర్ ఆ గిన్నె అడుగు వంక చూసింది, పెద్దాయా వంక చూసింది. “నువ్వు చేసి చూశావా?” అంది.

“చూశాను. నాకేమీ కాలేదు.” అబద్ధం చెప్పడం చేతకాక ఉన్నమాట చెప్పేసింది. “నా చెయ్యి మొద్దుబారిపోయింది సిస్టర్. మెత్తటి చెయ్యి కావాలి.”

ఇది అడగడమో, చెప్పడమో ఆమెకే తెలియలేదు. హెడ్ సిస్టర్ ఎడమ చేతి గుండీ విప్పి, అంగీ చెయ్యి మోచేతి దాకా మడిచింది. ముంజేతి లోపలివైపు ఏనాడూ ఎండ తగలనట్టు తెల్లగా, నీలి నరాలు కనబడుతూ ఉంది.

“రెండూ పెట్టు. ఇక్కడ పొడిది, ఇక్కడ తడిది.”

పెద్దాయా చెయ్యి కడుక్కుని తుడుచుకుని, వేలితో మొదట పొడి సిలువ గీసింది. తర్వాత గిన్నెలో నీటి చుక్క వేసి, కలిపి, దానికి బెత్తెడు దూరంలో తడి సిలువ గీసింది. ఇంకొకరి నుదుటి మీదైనా చేతి మీదైనా ఆమె సిలువ గీయడం అదే మొదటిసారి. అదీ హెడ్ సిస్టర్ చేతి మీద. వేలు జారి ఒక గీత వంకరపోయింది.

“కూర్చో” అంది హెడ్ సిస్టర్. పెద్దాయా కుర్చీ అంచు మీద, లేవడానికి సిద్ధంగా కూర్చుంది.

మొదటి పావుగంట ఆవిడ కుడిచేత్తో సంతకాలు పెట్టింది. తర్వాత అంది, “మట్టలు ఎక్కడ కాలుస్తావు?” పెద్దాయా చెప్పింది. మూకుడు ఎందుకు, రేకు డబ్బా ఎందుకు పనికిరాదు, గాలి ఏవైపు ఉంటే పొగ క్లాసుల్లోకి పోదు. ముందు ఆవిడ వింటున్నట్టు లేదు గానీ, మధ్యలో “మూడుసార్లు జల్లించడం దేనికి? రెండు చాలదూ?” అని అడిగింది. “రెండోసారి దాకా నలుసులుంటాయి సిస్టర్. నలుసు గీసుకుంటే పిల్లలు ముఖం తిప్పేస్తారు.” ఆవిడ పెన్ను మూత పెట్టింది.

అరగంట దాటాక చెయ్యి కొంచెం కదిపింది.

“మండుతోందా సిస్టర్?”

“లేదు.”

ఇంకాసేపటికి ఆవిడ పెదవి లోపలికి మడిచింది.

“కడిగేద్దాం సిస్టర్. కనబడిపోయిందిగా, అంచు ఎర్రబడుతోంది.”

“పిల్లలు ఎంతసేపు ఉంచుకున్నారు?”

పెద్దాయా తటపటాయించింది. “సాయంత్రం దాకా. ఇంటికెళ్ళేదాకా ఎవరూ తుడుచుకోవద్దని మీరే మైకులో చెప్పారుగా.”

హెడ్ సిస్టర్ కిటికీలోంచి బయటికి చూసింది. మైదానంలో ఒకటో తరగతి వాళ్ళు చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. “అయితే ఉండనీ” అంది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా డ్రాయింగ్ మేడం ఆఖరి పేజీ పట్టుకుని వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. కడిగిన చెయ్యి టేబుల్ మీద వెల్లకిలా ఉంది. పొడి సిలువ గీసిన చోట ఏమీ లేదు. తడి సిలువ గీసిన చోట ఎర్రగా, వంకరపోయిన గీతతో సహా అచ్చుపడి ఉంది.

“ఆ మూడు వాక్యాలూ కొట్టేయండి మేడం. రాసుకోండి. ‘బూడిద శుభ్రంగానే తయారైంది. అందులో నీళ్ళు కలిపి పిల్లలకు బాధ కలిగించినది హెడ్ సిస్టర్నైన నేను.’”

“సిస్టర్, మీ పేరున ఎందుకు?” పెద్దాయా లేచి నిలబడింది. “నీళ్ళు కలిసినాయని రాస్తే చాలదూ?”

“నీళ్ళు వాటంతటవే నడిచొచ్చి కలవలేదుగా” అంది హెడ్ సిస్టర్. “రాయండి మేడం. ‘వచ్చే ఏడాది బూడిద కూడా మన పెద్దాయానే చేస్తుంది. పంచేముందు ఆమెను అడుగుతాము.’”

‘మన బడి కబుర్లు’ మంగళవారం వచ్చింది. ఆరోజు ఎండగా ఉందనో ఏమో హెడ్ సిస్టర్ అంగీ ఎడమ చెయ్యి మడిచే ఉంచింది. ప్రార్థనకి నిలబడ్డ పిల్లలంతా ఆ మచ్చ చూసేశారు. ఒకడు ధైర్యం చేసి అడిగితే, “పెద్దాయాని అడుగు, ఆవిడకి బాగా తెలుసు” అందట. అంతే, ఆట పీరియడ్‌లో చీపుర్ల గది ముందు బారు కట్టారు. పెద్దాయా చీపురు గోడకానించి మొదలెట్టింది. రిబ్బన్లు విప్పడం దగ్గర్నుంచి గాజు గిన్నె దాకా చెప్పింది. కొత్త మూక వస్తే మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి చేతులూ కళ్ళూ తిప్పడం కూడా కలిసింది.

రెండో వరసలోకి దూకిన ఆ తమ్ముడు మూడుసార్లూ కదలకుండా విన్నాడు. చివరికి అడిగాడు.

“అది సరే పెద్దాయా. పొడిగా ఉంటే ఊరికే ఉండేది, నీళ్ళు తగిలితే ఎందుకు కరుస్తుంది?”

పెద్దాయా తన వేళ్ళ వంక చూసుకుంది. ఇన్నేళ్ళు అంట్లు తోమింది, వేళ్ళు మండాయి, మండుతుందని తెలుసు. ఎందుకు మండుతుందన్నది ఒక్కనాడూ తనని తాను అడగలేదు.

“అవున్రా! ఎందుకంటావు?”

“నాకేం తెలుసు?”

“నాకూ తెలీదురా. పద, సైన్స్ మేడాన్ని అడుగుదాం.”

గంట కొట్టే పని తన కింద పనిచేసే చిన్నాయాకి అప్పజెప్పి వాడి వెంట నడిచింది. సైన్స్ మేడం బోర్డు తుడుచుకుంటూ ఇద్దర్నీ చూసి, “కూర్చోండి, క్లాసులో అందరికీ చెబుతాను” అంది. పెద్దాయా గుమ్మంలోనే నిలబడబోయింది. ఆ తమ్ముడు ఆఖరి బెంచీలో జరిగి చోటిచ్చాడు. రోజూ తడిగుడ్డతో తుడిచే బెంచీయే గానీ, కూర్చుంటే మోకాళ్ళు డెస్కుకి తగులుతాయని ఆమెకి ఇప్పుడే తెలిసింది.

“మేడం, ఆ బూడిద...” అని మొదలెట్టింది.

ముందు బెంచీల పిల్లలందరూ వెనక్కి తిరిగారు. పక్కనున్నవాడు మోచేత్తో పొడిచాడు.

“పెద్దాయా, అలా కాదు. చెయ్యెత్తి అడగాలి.”

పెద్దాయా కొంగు సర్దుకుంది. గరుకు బారిన ఆ చెయ్యి మోచెయ్యి దాకా నిటారుగా పైకెత్తింది.